గాలి పిస్టల్‌కి నూనె పెట్టకండి: రాణిగంజ్ దుకాణం నుంచి కొన్ని జాగ్రత్తలు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాది ఆయిల్ సీళ్ళు, ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు చుట్టలు), గాస్కెట్ల దుకాణం. బోరు మోటార్ల వాళ్ళు, కంప్రెసర్ మెకానిక్‌లు, హైడ్రాలిక్ జాకీలు బాగుచేసేవాళ్ళు మా గిరాకీ. మా పెద్దమ్మాయి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడటం మొదలుపెట్టాక ఇంకో రకం వాళ్ళు కూడా కౌంటర్ దగ్గరికి వస్తున్నారు. స్కూలు యూనిఫాంలో పిల్ల, పక్కన తండ్రి, తండ్రి చేతిలో టవల్లో చుట్టిన సిలిండరు. "అక్కా, గన్ను ఖరాబైంది, రేపే మ్యాచు" అంటారు. నేను ముందు అడిగేది ఒకటే: "ఈ మధ్య దీనికి ఏం పూశారు?"

లండన్ ఒలింపిక్స్‌లో 2012లో షూటర్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చాక ఒకసారి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చాక మళ్ళీ ఒకసారి, మన ఊళ్ళో ఈ ఆట మీద మోజు పెరిగింది. గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజ్‌కి ఆదివారం పొద్దున వెళ్తే తెలుస్తుంది. ఆట నేర్పేవాళ్ళు దొరుకుతున్నారు. లక్షలు పోసి కొన్న వస్తువుని ఇంట్లో ఎలా చూసుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. నాకు గురి గురించి పెద్దగా తెలియదు. గాలి ఎక్కడ పట్టి ఉంచాలో, ఎక్కడ వదలాలో మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా అమ్ముకుని బతుకుతున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: మంచి కంపెనీ పోటీ పిస్టల్, రైఫిల్ వాటంతట అవి చెడటం అరుదు. మనం లోపలికి పంపే తేమ, నూనె, చెత్త పెల్లెట్లే (సీసపు గుళ్ళే) వాటిని చెడగొడతాయి.

చట్టం సంగతి ఒక ముక్క. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (బ్యారెల్ రంధ్రం) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జూళ్ళు దాటని గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా బిల్లు కాపీ, క్లబ్బు కార్డు పెట్టెలోనే పెట్టుకోండి. దారిలో ఎవరైనా ఆపి పెట్టె తెరవమంటే వాదన లేకుండా పోతుంది. లైసెన్సు అక్కర్లేదు కదా అని బొమ్మ అనుకోవద్దు. ఏ పని చేసే ముందైనా పెల్లెట్ లేదని చూసి, బ్యారెల్‌లో ఆ నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగు దూర్చి, మూతి మనిషి లేని వైపు పెట్టి, అప్పుడు చెయ్యి వేయండి.

ఇక్కడ చెప్పేదంతా సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రకం గురించి. బ్యారెల్ విరిచి స్ప్రింగు బిగించే రకం వేరు. దానికి ఒక్క మాట చాలు: పెల్లెట్ లేకుండా పేల్చకండి. ఎదురు గాలి అడ్డులేక పిస్టన్ వెళ్ళి ముందు గోడకి కొట్టుకుంటుంది, సీలు పగులుతుంది, స్ప్రింగు విరుగుతుంది.

"లీకు" అని వచ్చేవాటిలో సగం లీకులు కావు

సిలిండర్ చివర చిన్న గేజు ఉంటుంది. సాయంత్రం రేంజ్‌లో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) నింపుతారు, రాత్రి ఇంట్లో చూస్తే 185. ఇంక నిద్రపట్టదు. నింపేటప్పుడు లోపలి గాలి నొక్కుకుని వేడెక్కుతుంది. సిలిండర్ని చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది కదా, అదే. చల్లబడ్డాక ముల్లు దిగుతుంది. లెక్క తేలికే: 200 బార్ దగ్గర పది డిగ్రీలు చల్లబడితే ఆరేడు బార్ తగ్గుతుంది. మే నెలలో ఎండలో నిలబడ్డ కారులోంచి ఏసీ రేంజ్‌లోకి తెచ్చినా ఇంతే. అందుకే గబగబా నింపకండి. వాల్వు కొద్దిగా తెరిచి, ముల్లు మెల్లగా పాకేలా నింపండి. ఓ పావుగంట చల్లారనిచ్చి మిగతాది నింపండి.

నిజంగా లీకేనా తేల్చుకోవాలంటే సిలిండర్ని పిస్టల్ నుంచి విప్పేయండి. సాయంత్రం చల్లారాక గేజు ఫోటో తీసుకోండి. పొద్దున అదే గదిలో, అంతే చల్లదనంలో మళ్ళీ తీయండి. సిలిండర్ ఒక్కటే ఉన్నప్పుడు కూడా ముల్లు దిగితే తప్పు సిలిండర్ వాల్వుదో గేజుదో. విడిగా ఉంటే నిలబడి, పిస్టల్‌కి బిగించాక దిగితే తప్పు పిస్టల్ వైపు. ఈ ఒక్క పరీక్ష చేసి వస్తే సగం పని అయినట్టే. చాలామంది చెయ్యరు, నేరుగా మొత్తం పిస్టల్ని సర్వీసుకి పంపి, నెలల తరబడి పిల్లని ఖాళీగా కూర్చోబెడతారు.

పిస్టల్ వైపు తప్పని తేలితే, రెండూ కలిసే మరచుట్టు దగ్గర ఓ-రింగు చూడండి. అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్ళలో కలిపి, చిన్న పెయింట్ బ్రష్‌తో జాయింటు చుట్టూ రాయండి. బుడగ లేస్తే దొంగ దొరికాడు. వాల్వు రంధ్రంలోకి ఆ నీళ్ళు పోనివ్వకండి, పని అయ్యాక పొడి బట్టతో తుడవండి. జాయింటు దగ్గర ఏమీ లేదు, బ్యారెల్‌లోంచే సన్నగా "స్‌స్‌" అని వస్తోందంటే అది లోపలి వాల్వు. మీరూ నేనూ ముట్టుకునేది కాదు. అది చూడటానికి మూతి ముందు అరచెయ్యి పెట్టేవాళ్ళున్నారు. ఖాళీ తుపాకీ అని ఎంత నమ్మకం ఉన్నా చెయ్యి పెట్టకండి, పల్చటి కాగితం ముక్క చాలు.

ఓ-రింగు మార్చడం

ఇది మా వ్యాపారం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

ముందు సిలిండర్ విప్పండి. విప్పినా పిస్టల్ లోపల కొంచెం గాలి మిగిలే ఉంటుంది. రేంజ్‌లో, టార్గెట్ వైపు తిప్పి, పెల్లెట్ లేకుండా గాలి అయిపోయేదాకా వదలండి. ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

పాత రింగు తీయడానికి సూది, గుండుపిన్ను, స్క్రూడ్రైవర్ వాడొద్దు. వెదురు టూత్‌పిక్ వాడండి. రింగు కూర్చునే గాడిలో ఇనుముతో ఒక్క గీత పడితే, ఎంత కొత్త రింగు వేసినా గాలి ఆ గీతలోంచే పోతుంది. అప్పుడు రింగు ఖర్చు పోయి భాగం ఖర్చు వస్తుంది. పాత రింగుని పారేయకండి. వేలిమీద ఎక్కించి, కొద్దిగా సాగదీసి, ఫోను టార్చి కింద తిప్పుతూ చూడండి. కొత్త రింగు అడ్డకోత గుండ్రంగా ఉంటుంది. అరిగింది ఒక వైపు చదునుగా, ఇంగ్లీషు డీ అక్షరంలా అయిపోయి ఉంటుంది. నలిగి మళ్ళీ లేవడం మానేసిందన్నమాట. అక్కడక్కడ చిన్న గాటు, కొరికినట్టు ఊడిన ముక్క కనబడితే అది సైజు తప్పిందో, మెత్తటి రకమో. సాగదీస్తే మీద జుట్టులా సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఎండా గాలీ తిని ముసలిదైంది.

కొనేటప్పుడు మూడు చెప్పాలి: సైజు, రకం, గట్టితనం. "పిస్టల్ ఓ-రింగు ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వలేరు. కొలతలో ఎక్కువమంది పొరబడేది మందం దగ్గర. అంగుళాల లెక్క రింగులు 1.78 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి, మిల్లీమీటర్ల లెక్కవి 1.5, 2 ఇలా వస్తాయి. 1.78 ఉండాల్సిన చోట 2 వేస్తే బిగుతుగా దూరుతుంది, మరబిగింపులో నలిగి తెగుతుంది. చేతిలో వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) ఉన్న దుకాణానికే వెళ్ళండి. కళ్ళతో చూసి "ఇదే సార్" అని ఇచ్చేవాళ్ళ దగ్గర జాగ్రత్త. రకం సంగతి: నల్లటి నైట్రైల్ రబ్బరు చాలావాటికి సరిపోతుంది, కంపెనీ వైటాన్ (ఇంకో రకం రబ్బరు) అని రాస్తే వైటాన్ వేయండి. గట్టితనం షోర్ లెక్కలో చెప్తారు. నీళ్ళ పంపుల్లో వేసేది 70. రెండు వందల బార్ గాలికి 90 కావాలి. 70 రకం మెత్తగా ఉండి మొదటి రోజు చక్కగా పట్టేస్తుంది, తర్వాత ఒత్తిడికి గాడి సందులోకి పాకి తెగుతుంది. ఒక అబ్బాయి పిస్టల్‌కి బయట ఎవరో సర్వీసు చేసి 70వి వేసి పంపారు. వారం తిరక్కుండా పాస్‌బుక్ సైజు డబ్బాలో రింగు ముక్కలు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. రెండు రకాలూ నల్లగానే ఉంటాయి, ధరలో తేడా రూపాయల్లోనే.

కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు, వేళ్ళ మధ్య మెరుపు కనిపించేంత మాత్రమే. పట్టించాక గ్రీజు తెల్లగా కనబడుతోందంటే ఎక్కువైనట్టే. మరచుట్టు మీద నుంచి ఎక్కించేటప్పుడు మరల అంచులు రింగుని కోస్తాయి. మరమీద ఒక పల్చటి ప్లాస్టిక్ ముక్క చుట్టి దానిమీద జార్చండి. తర్వాత సిలిండర్ని చేత్తో బిగించాలి, పానాతో కాదు. గాలి ఒత్తిడే రింగుని గోడకి అదుముతుంది. బలం పెట్టి బిగిస్తే అదనంగా ఏమీ ఆగదు, రింగు నలుగుతుంది అంతే. స్పేరు రింగులు నాలుగైదు జిప్ కవర్లో, చీకట్లో పెట్టుకోండి. ఫ్రిజ్ వెనకాల, ఇన్వర్టర్ పక్కన వద్దు. మోటార్లు, నిప్పురవ్వలు ఉన్నచోట ఓజోన్ పుడుతుంది, అది రబ్బరుకి శత్రువు.

రెగ్యులేటర్ మాత్రం విప్పకండి. రెండు వందల బార్‌ని తగ్గించి, ప్రతి షాటుకీ ఒకే మోతాదు ఇచ్చేది అదే. లోపల పళ్ళెంలా వంగిన వాషర్లు ఒక వరసలో ఉంటాయి. వరస తారుమారైతే ఒత్తిడే మారిపోతుంది. అది అలిసిపోయిందని ఎలా తెలుస్తుందంటే, కాసేపు ఆగి పేల్చిన మొదటి షాటు మిగతావాటికన్నా పైకి పోతుంటుంది. ఆగిన సేపట్లో ఒత్తిడి మెల్లగా పెరిగి కూర్చుంటుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉన్న కోచ్ దగ్గర ఒకసారి చూపిస్తే అంకెల్లోనే కనబడుతుంది. అప్పుడు కంపెనీ సర్వీసుకే పంపాలి.

నూనె

మల్కాజిగిరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, ఫౌజులో పనిచేసి రిటైరైనవారు. మనవడి పిస్టల్ షాట్లు చెదిరిపోతున్నాయి, పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆయన ప్రతి ఆదివారం పుల్‌త్రూకి (బ్యారెల్‌లోంచి లాగే తాడుకి) చిందీ గుడ్డ కట్టి, కుట్టుమిషను నూనెతో బ్యారెల్ తళతళలాడేలా తోముతున్నారు.

"ఏళ్ళ తరబడి రైఫిల్ చూసుకున్నవాణ్ణమ్మా, నాకు చెప్తావా" అన్నారు.

"మీ రైఫిల్లో మందు కాలేది బాబాయ్ గారూ, మసి పట్టేది, తుప్పు పట్టేది. దీంట్లో కాలేదేముంది, గాలేగా?"

ఆయన మీసం దువ్వుకుని, "అంటే ఊరుకోవాలా?" అన్నారు.

అవును, ఊరుకోవాలి. మనవాళ్ళకి అదే కష్టం. బ్యారెల్‌లో నూనె ఉంటే ఒక పెల్లెట్ జారిపోతుంది, ఇంకోటి పట్టుకుంటుంది, టార్గెట్ మీద షాట్ల గుంపు చెదురుతుంది. ఎక్కువ ఒత్తిడి గాలిలో మామూలు నూనె ఆవిరైతే మండే ప్రమాదం కూడా ఉంది. డీజిల్ ఇంజను పనిచేసేది ఆ సూత్రం మీదే, నొక్కుకుని వేడెక్కిన గాలిలో నూనె అంటుకుంటుంది. కాబట్టి గాలి నడిచే దారిలో ఎక్కడా కుట్టుమిషను నూనె, ఇంజన్ ఆయిల్, వాసెలిన్, కొబ్బరినూనె వద్దు. స్ప్రే డబ్బాలు అసలే వద్దు. బయటి ఇనుప భాగాల మీద చెమట మరకలు పడకుండా, బట్టకి ఒక చుక్క పట్టించి తుడవడం వరకే. మా అమ్మాయి చేతులకి చెమట ఎక్కువ. ఆట అయ్యాక పొడి మైక్రోఫైబర్ బట్టతో తుడిచి పెట్టెలో పెట్టడం తప్ప వారంలో ఇంకేమీ చెయ్యదు.

పెద్దాయన మనవడి పిస్టల్‌కి చేసింది కూడా ఇంతే. పొడి గుడ్డ వరసగా లాగి నూనెంతా తీసేయించాం. మళ్ళీ గుంపు కుదరడానికి ఒక పూట పట్టింది.

వానాకాలం గాలి

చేతి పంపు కొన్నవాళ్ళు ఈ లెక్క చూడండి. వంద మిల్లీలీటర్ల సిలిండర్‌లో 200 బార్ అంటే బయట గాలి ఇరవై లీటర్లు. ఆగస్టులో మన ఊళ్ళో ముసురు పట్టిన రోజు, ముప్పై డిగ్రీల దగ్గర, ఘనమీటరు గాలిలో ఇరవై గ్రాములకు పైనే నీటి ఆవిరి ఉంటుంది. అంటే ఖాళీ సిలిండర్ ఒకసారి నింపితే దాదాపు అర గ్రాము నీళ్ళు పంపులోకి పీల్చినట్టు. పదిసార్లకి ఒక టీచెంచా. అది ఎక్కడో ఒకచోట దిగాలి. పంపులోనే వడకడితే సరే, లేకపోతే సిలిండర్ గోడకి, అక్కడి నుంచి రెగ్యులేటర్‌కి చేరుతుంది.

అందుకని పంపుకి తేమ పట్టే ఫిల్టరు తప్పనిసరి. లోపలి గింజల రంగు మారగానే మార్చాలి, "ఇంకో నెల చూద్దాం" పనికిరాదు. కొద్దికొద్దిగా కొట్టి పంపుని చల్లారనివ్వాలి. కొట్టడం అయిపోగానే కిందనున్న వదులు మర తెరిచి గాలి వదలాలి. ఆ గాలితో పాటు తెల్లటి పొగలా, ఒక్కోసారి చుక్కలుగా బయటికొచ్చేది నీళ్ళే. వానాకాలంలో వీలైతే ఏసీ గదిలో కొట్టండి, ఏసీ అప్పటికే గాలిని ఆరబెట్టి ఉంటుంది.

పంపు కన్నా నాకు నచ్చేది రేంజ్‌లో డైవింగ్ సిలిండర్ నుంచి నింపుకోవడం. మనిషి పీల్చే గాలి కాబట్టి ఆరబెట్టి, వడకట్టి నింపుతారు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పెద్ద సిలిండర్ 300 బార్ రకమైతే, మీ 200 బార్ సిలిండర్‌లోకి ఎక్కువ పోతుంది. వాల్వు తెరిచి ఫోన్ చూసుకోవడం కాదు, ముల్లు మీదే కన్నుండాలి. ఇంకోటి: ఆసుపత్రి, వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుదామని అడిగినవాళ్ళున్నారు. ససేమిరా వద్దు. ఎక్కువ ఒత్తిడి ఆక్సిజన్‌కి గ్రీజు తగిలితే పేలుతుంది. మీ పిస్టల్ చేతికి, ముఖానికి దగ్గరుండే వస్తువు.

పెల్లెట్లు, బ్యారెల్

పోటీ పెల్లెట్ ముందు చదునుగా ఉంటుంది, కాగితంలో గుండ్రటి కోత పడాలి కదా. సీసం మెత్తన, డబ్బా కింద పడితే అంచులు నొక్కుకుంటాయి. పడ్డ డబ్బాని ప్రాక్టీసుకి పెట్టుకోండి. తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద ఉంటుంది. ఏది మీ బ్యారెల్‌కి కుదురుతుందో కాల్చి చూడాలి, పక్క లేన్ పిల్లకి కుదిరిందని మనకి కుదరదు. కుదిరిన డబ్బా బ్యాచ్ నంబరు రాసుకుని, దొరికితే అదే బ్యాచ్ తెచ్చుకోండి. తడి చేతులతో డబ్బాలో కెలకొద్దు, సీసం మీద తెల్ల బూజులా పడుతుంది. పిల్లలు పెల్లెట్ నోట్లో పెట్టుకోవడం చూస్తే ఒక్కటి వేయండి. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ డబ్బా తెరవాలి.

బ్యారెల్ శుభ్రానికి ఇత్తడి బ్రష్ వద్దు. పొడి ఫెల్టు ముక్కని వెనక నుంచి ముందుకి, పెల్లెట్ నడిచే దారిలోనే లాగాలి. ఎప్పుడు అన్నది కోచ్‌కి ఒక మాట, కంపెనీకి ఒక మాట. నా లెక్క: గుంపు చెదిరితే, పెల్లెట్ మార్చి చూసినా బాగుపడకపోతే, అప్పుడు. మ్యాచ్ ముందు రోజు మాత్రం చేయకండి. శుభ్రం చేశాక మొదటి కొన్ని షాట్లు ఎటో పోతాయి, మళ్ళీ సీసం పల్చటి పొర పడ్డాకే కుదురుతుంది.

ట్రిగ్గర్ బరువు పిస్టల్‌కి 500 గ్రాములకు తగ్గకూడదు. అది మీకు మీరు తిప్పుకోవద్దు, రేంజ్‌లో తూకం పెట్టి చూసుకోండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే స్పేరు బ్యాటరీ పెట్టెలో ఉంచండి. పిడి, సైటు స్క్రూలు అప్పుడప్పుడు వదులవుతాయి. గురి ఒక్కసారిగా పక్కకి జరిగిందంటే ముందు చూడాల్సింది అవే.

మందుగుండు వాటి సంగతి

25 మీటర్ల పోటీకి మారిన పిల్లలు .22 బోరు పిస్టల్ పట్టుకుంటారు. అది లైసెన్సు వ్యవహారం, క్లబ్బు ఆయుధం క్లబ్బులోనే ఉంటుంది. శుభ్రం చేసే రోజు నేనూ ఒక చెయ్యి వేస్తుంటాను. ఇక్కడ పైన చెప్పింది తిరగబడుతుంది: పేల్చాక తోమాలి, నూనె పల్చగా ఉండాలి.

.22 సెమీ ఆటో పిస్టళ్ళలో బోల్టుకి (తూటా వెనక మూసి ఉంచే ఇనుప దిమ్మకి) తాళం ఉండదు. పేలుడు వెనక్కి తన్నితే బోల్టు బరువూ స్ప్రింగూ మాత్రమే ఆపుతాయి. ఖాళీ గుల్ల బయటికొస్తూ కొంత మసిని వెంట తెస్తుంది, అదంతా బోల్టు ముఖం మీద, గుల్లని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకుంటుంది. గుల్ల సగం బయటికొచ్చి ఇరుక్కుపోయే పిస్టల్‌లో ఆ కొక్కెం కింద టూత్‌పిక్ పెట్టి గీకితే నల్లటి జిగురు వస్తుంది. తూటా మీద పూసిన మైనం, మసి కలిసిన ముద్ద అది.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడి దగ్గర రూగర్ పీసీ కార్బైన్ ఉంది, పిస్టల్ తూటా 9 మిల్లీమీటర్లది పేల్చే పొడుగు తుపాకీ. అక్కడ చట్టం వేరు, మన దగ్గర 9 మిల్లీమీటర్లు నిషిద్ధ బోరు. దాన్లోనూ ఇదే తాళం లేని పద్ధతి. తూటా బలమైంది కాబట్టి బోల్టు బరువుగా ఉంటుంది, తన్నుడు తగ్గడానికి లోపల టంగ్‌స్టన్ బరువు ఒకటి జారుతుంది. వీడియో కాల్‌లో విప్పి చూపించాడు, మా .22లో పట్టే చోటే మసి పట్టింది. వాడు పడ్డ తిప్పలు మాత్రం తుపాకీతో కాదు, తూటాలు నింపే మ్యాగజైన్లతో. అది గ్లాక్ కంపెనీ పిస్టల్ మ్యాగజైన్లు కూడా తీసుకుంటుంది. చవగ్గా వచ్చాయని వేరే కంపెనీవి కొన్నాడు. తూటా ముక్కు కిందకి వాలి ఇరుక్కునేది, వాడు తుపాకీని తిట్టుకునేవాడు.

"ఒరేయ్, ప్రతి మ్యాగజైన్ కిందా పెయింటుతో నంబరు వెయ్యి, ఇరుక్కున్నప్పుడల్లా ఏ నంబరో రాసుకో" అన్నాను. పైపులు, సీళ్ళు అమ్మేవాళ్ళం చేసేది అదే కదా, ఫిర్యాదు వస్తే ముందు లాటు నంబరు చూస్తాం. వాడి దోషులన్నీ ఆ చవక మ్యాగజైన్లే అని తేలింది, పారేశాడు. క్లబ్బులోనూ .22 మ్యాగజైన్లకి నంబర్లు వేయించాను. పెదాలు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) వంగినదాన్ని నోస్ ప్లయర్‌తో సరిచేద్దామనుకోకండి, పక్కన పెట్టేయండి.

.22లో తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉంటే ట్రిగ్గర్ నొక్కొద్దు. తూటా అంచు కొట్టి పేల్చే రకం కాబట్టి, తూటా లేకపోతే పిన్ను వెళ్ళి చాంబర్ అంచుకే కొట్టుకుని గుంట పడుతుంది. తర్వాత గుల్లలు అక్కడే పట్టుకుంటాయి. పేలని తూటా వస్తే మూతి టార్గెట్ వైపే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి, రేంజ్ ఆఫీసర్ని పిలవండి. "టప్" అని మామూలుకన్నా బలహీనంగా వినబడితే ఇంకోటి పేల్చకండి. గుండు బ్యారెల్‌లోనే ఆగి ఉండొచ్చు.

పెట్టె, ప్రయాణం, సెకండ్ హ్యాండ్

నురుగు పెట్టె వానలో తడిసిందంటే దానంత చెడ్డది లేదు, నీళ్ళు పీల్చుకుని పిస్టల్ చుట్టూ పట్టి ఉంచుతుంది. తడిస్తే పిస్టల్ బయటికి తీసి, నురుగు ఫ్యాన్ కింద ఆరేదాకా లోపల పెట్టకండి. సిలికా జెల్ సంచులు నెలకోసారి ఎండలో వేసి మళ్ళీ పెట్టండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సంచులు పెంచండి. ఏసీ రేంజ్‌లోంచి బయటికి తీస్తే ఇనుము మీద చెమ్మ కనిపిస్తుంది, తుడిచి కాసేపు ఆగి పెట్టె మూయండి. కారు డిక్కీ మీ గోదాం కాదు. వేసవి మధ్యాహ్నం అసలే కాదు, నిండు సిలిండర్‌తో మరీ వద్దు.

భోపాల్‌కో ఢిల్లీకో విమానంలో వెళ్తే సిలిండర్ విప్పి, గాలి పూర్తిగా వదిలి, గేజు సున్నా చూపించేలా పెట్టుకోవాలి. ఎయిర్‌లైన్ వాళ్ళకి ముందే చెప్పి, షూటింగ్ సమాఖ్య ఉత్తరం చేతిలో ఉంచుకోండి. అక్కడ దిగాక నింపే అడాప్టర్ మీది మీరే తీసుకెళ్ళండి, ఒక్కో కంపెనీ మర ఒక్కో రకం.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే రంగు, గీతలు తర్వాత చూడండి. ముందు సిలిండర్ మీద చెక్కిన తయారీ నెల, సంవత్సరం చదవండి. చాలా కంపెనీలు పదేళ్ళు గడువు పెడతాయి. గడువు దాటిన సిలిండర్‌తో మ్యాచ్‌కి వెళ్తే బాధ్యత ఆటగాడిదే అని అంతర్జాతీయ నియమాల్లోనే ఉంది, పరికరాల తనిఖీ దగ్గర చూడొచ్చు. "మూడేళ్ళే వాడాం" అని అమ్మేవాళ్ళు చెప్పేది నిజమే కావొచ్చు. కానీ గడువు మొదలయ్యేది తయారైన నాటి నుంచి, మీరు పెట్టె తెరిచిన నాటి నుంచి కాదు. గడువు దగ్గరపడితే కొత్త సిలిండర్ ధర తీసేసి బేరం ఆడండి. తర్వాత రాత్రంతా గేజు పరీక్ష చేయనిస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

గడువైపోయిన పాత సిలిండర్ని బరువుకి కబాడీవాడికి వేయొద్దు. గాలి ఉందో లేదో చూసుకోకుండా వాళ్ళు కట్టర్ పెడతారు. ఖాళీ చేసి, క్లబ్బులో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ చేత వాల్వు తల విప్పించి, ఎవరూ మళ్ళీ వాడలేకుండా మరలు పాడుచేయించి అప్పుడు ఇవ్వండి.